ఏ టాయిన్‌బీలు మీరు?

1934 మార్చి 6, మంగళవారం

వచ్చేసింది! ఉద్యోగం కాదు, ఇంటర్వ్యూకి పిలుపు. లింకన్‌షైర్‌లో ఈ మూల ఊరికి మొదటి లైబ్రరీ, మొదటి లైబ్రేరియన్. బంగాళాదుంపల పొలంలో ఆరేళ్లు నడుం విరగ్గొట్టుకున్నది చాలు దేవుడా. ఈ ఉద్యోగం నాకే రావాలి.

మార్చి 9

అబద్ధమాడేశాను. కమిటీ పెద్ద మిసెస్ డిగ్బీ నా పేరు చదివి కళ్లజోడు సర్దుకుంది. టాయిన్‌బీ అంటే ఆ టాయిన్‌బీలేనా, చరిత్ర పుస్తకాలు రాసినవాళ్లు, లండన్ పేదల కోసం పాటుపడ్డవాళ్లు, అని అడిగింది. దూరపు చుట్టరికమండీ అన్నాను. ఎంత దూరమో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. వచ్చే శుక్రవారం ఆడవాళ్ల మీటింగులో మా వంశం గురించి మాట్లాడాలట. ఉద్యోగం సంగతీ అప్పుడే తేలుస్తారట!

మార్చి 10

నాన్నకి చెప్పాను. టీ పొలమారేంత నవ్వాడు. మనకి వంశవృక్షం ఎక్కడిదే పిచ్చిపిల్లా, మీ తాతా నేనూ తవ్విన కాలవ తప్ప, అన్నాడు.

మార్చి 14

ప్రసంగం మూడుసార్లు రాశాను. మూడూ అబద్ధాలే. బాగా కుదిరాయి, అదే భయం.

మార్చి 16, సాయంత్రం ఆరు

హాలు నిండిపోయింది! చివరి వరసలో, అంతమంది ఆడవాళ్ల మధ్య, టోపీ ఒళ్లో పెట్టుకుని మా నాన్న. పనిలోంచి నేరుగా వచ్చేశాడు, బూట్లనిండా బురద. ఆయన్ని ఎదురుగా పెట్టుకుని లేని తాతల్ని ఎలా పొగడను? కాగితం మడిచేశాను. ఆ గొప్ప టాయిన్‌బీలు మాకేమీ కారు, మీతో అబద్ధమాడాను అన్నాను. ఈ చిత్తడి నేలలోంచి నీళ్లు లాగేసే ఈ హాలు వెనక కాలవ తవ్విందే మా తాత, ఆయన తవ్వకపోతే మనం కూర్చున్నచోట ఈపాటికి చేపలు ఈదుతుండేవి అన్నాను. ఎవరో పకపకా నవ్వారు. ఆయనతోపాటు తవ్వినవాళ్ల పేర్లు, నాన్న నోట విన్నవి, వరసగా చెప్పుకుపోయాను. పేరు పేరుకీ ఒకావిడ మా తాతేనమ్మా, మా మామగారేనమ్మా అంటూ లేచింది. మిసెస్ డిగ్బీ మాత్రం ఉద్యోగం మాటెత్తకుండా వెళ్లిపోయింది. పోతే పోయింది. అయినా నాకింత సంతోషమేమిటో!

మార్చి 20

మిసెస్ డిగ్బీ ఉత్తరం! ఉద్యోగం నాదే! నాదే! అబద్ధానికి అరపేజీ చీవాట్లు. ఆ పేర్లన్నీ రాసి లైబ్రరీలో పెట్టమని మిగతా అరపేజీ.

ఏప్రిల్ 3

మొదటి కార్డు నాన్నది. చదువు రాదు కదా, సంతకం చోట ఇంటూ మార్కు పెట్టాడు. ఏ పుస్తకం కావాలని అడిగాను. ఆ టాయిన్‌బీలు రాసింది తీసి చదివి వినిపించమ్మా, మన గురించి ఏమైనా రాశారేమో చూద్దాం, అన్నాడు.