నాయన కెమెరా ఆన్ చేసేలోగా

అన్నా, నాయన నాలుగ్గంటలకి కెమెరా కోసం వస్తాడు, సాయంత్రం ప్రేయర్‌లో ఫోటోలు తీయాలంట. ఆన్ చేస్తే చాలు, లోపలున్నవన్నీ వైఫైలో ఆయన ఫోన్‌కి పోతాయి. కొనిచ్చిన రోజే అట్ల సెట్ చేసి పెట్టినాడు కదా! అందుకే బ్యాటరీ పీకి నీ షూలో దాచినాను. కార్డు నీ లాప్‌టాప్‌లో పెట్టి శనివారం ఫోటోలన్నీ తీసేసినాకే బ్యాటరీ ఎయ్. ఆ రోజు నేను తిరుపతి కోచింగ్‌కి పోలేదు, పులికాట్ సరస్సుకి పోయినాను. బ్యాంకు పరీక్ష పుస్తకం ముందర కూర్చుంటే నాకు ఊపిరాడదన్నా. ఇప్పుడు మళ్లీ ఆ కోచింగ్‌కే, తిరుపతి రైలుకి పోతాండాను.

రూతు

ఆగన్నా, ఫ్లెమింగోలన్నీ ఒకేసారి పైకి లేచే ఫోటో ఒకటుండాది. అది మాత్రం తీసేయొద్దు. నాయన ఫోన్‌కి పోనీ. తిడితే తిట్టనీ, నేను యాడికి పోయినానో ఆయన కూడా ఒకసారి సూడనీ.