తమ్ముడి ముందుపన్ను

శుక్రవారం, కార్తీకమాసం

ముందుపన్ను విరిగినప్పటి నుంచి తమ్ముడు వీర్రాజు సన్నాయి ముట్టలేదు. ఈ సీజను పెళ్లి మేళాలన్నీ వదులుకున్నాడు. మస్కట్‌లో పనిచేసే బావగారు, "ఇక్కడికి పంపు, ఫారిన్ పన్ను వేయిస్తాను" అన్నారు. టికెట్టు కాకుండానే ఖర్చు మన ఊళ్లో అయ్యేదానికి ఆరింతలు. అయినా నాణ్యత అక్కడే ఉంటుందేమోనని నాకూ లోపల గుంజుతూనే ఉంది.

రామచంద్రపురం పళ్ల డాక్టరమ్మగారు ఈ రోజు వాణ్ణి సన్నాయితో రమ్మన్నారు. విరిగిన పన్ను మీద వేసే క్యాప్ అతికించకుండా ఊరికే పెట్టి, "ఊదండి" అన్నారు.

"ఇక్కడా అండీ?"

"మీరు ఊదితేనే కదండీ నాకు తెలిసేది!"

గాలి పక్కకు పోయింది. ఆవిడ క్యాప్ తీసి, కాస్త అరగదీసి, మళ్లీ పెట్టి ఊదించారు. అలా చాలాసేపు విసుక్కోకుండా చేశారు. బయట బెంచీ మీది పెద్దాయన, "ఏంటండీ, డాక్టరుగారికి పెళ్లా?" అని కేకేశాడు. చివరికి స్వరం నిలిచింది. ఆ పెద్దాయన కూడా తలాడిస్తూ విన్నాడు. అప్పుడు డాక్టరమ్మగారు క్యాప్ అతికించారు.

"ఎన్నాళ్లుంటుందండీ?" అని అడిగాను.

"చెప్పలేనండీ. శ్రుతి తప్పినట్టనిపిస్తే ఆ రోజే బస్సెక్కి వచ్చేయండి" అన్నారు.

మస్కట్ పన్ను ఇంతకంటే గట్టిదే కావచ్చు. కానీ శ్రుతి తప్పిన రోజున అక్కడికి ఏ బస్సెక్కి వెళ్తాడు?