అన్న పేరు రాసిన పడవ

టెడ్డీ, నా చిట్టి నాన్నా,

ఫోనులో చెప్పబోతే ఏడుపొస్తోంది, అందుకే రాస్తున్నా. నిన్న నది ఒడ్డున పడవలు అమ్మే షోకి వెళ్లాను. మార్చిలో మీ అన్న ఆ నదిలోనే మునిగి చనిపోయాక ఆ పక్కకి పోవడం ఇదే మొదలు. వాడు కట్టిన ఆఖరి పడవ వెనకాల పెద్ద అక్షరాలతో "గారెత్" అని వాడి పేరే రాసి ఉంది. ముందు సంతోషమే అనిపించింది. అందరిలాగే బూట్లు బుట్టలో విడిచి ఎక్కాను.

లోపల ఒకావిడ మొగుడితో అంటోంది, "గారెత్ మరీ ఇరుకండీ. ఇంత ధర ఎవరు పెడతారు?"

"ఆఖరి రోజు దాకా ఆగు. గారెత్‌ని సగానికే ఇచ్చేస్తారు."

గబగబా దిగి వచ్చేశాను. ఆ పేరు తీసేయమని, వాడు పనిచేసిన పడవల యార్డు ఓనరుని అడిగాను. "ఆ పేరు పెట్టడానికి మీ చిన్నబ్బాయే ఒప్పుకుని సంతకం పెట్టాడమ్మా, తీసేయాలన్నా అతనే చెప్పాలి" అన్నాడు.

నువ్వు అన్న మీద ప్రేమతోనే పెట్టావు, నాకు తెలుసు. నాకెందుకు చెప్పలేదని అడగను. షో ఇంకా వారం ఉంది. ఆయనకి ఫోను చెయ్యి నాన్నా. పడవని ఎవరికైనా అమ్ముకోనీ, వాడి పేరు మాత్రం బేరంలో పెట్టొద్దని చెప్పు.

ఒక్కడివే ఉన్నావని టీ, రొట్టెలతో సరిపెట్టకు. వేళకి కడుపునిండా తిను.

అమ్మ