పెట్టెలో లేని హార్డ్ డిస్క్

నవీన్‌కు,

ఎప్పటిలా చిరంజీవి అని రాయడానికి చెయ్యి రాలేదు. ఎదురుపడితే అరుస్తానో ఏడుస్తానో తెలియదు, అందుకే రాస్తున్నాను.

నా పాల కేంద్రం క్యాన్లలో నీళ్ళు కలుస్తున్నాయని పలమనేరు డెయిరీవాళ్ళు వచ్చి నిలదీసినప్పుడు, “మా తమ్ముడు కెమెరా పెట్టినాడు, సూసుకోండప్పా” అని ధైర్యంగా చెప్పాను. రికార్డయ్యే పెట్టె విప్పితే లోపల హార్డ్ డిస్కే లేదు. దొంగ అయితే పెట్టెనే ఎత్తుకుపోయేవాడు. డిస్కు మాత్రం తీసి, మరలన్నీ మళ్ళీ పొందిగ్గా బిగించి పోయేవాడు ఎవడుంటాడు? నీళ్ళు కలిపింది నేనేనని తేల్చి, నిన్న డెయిరీవాళ్ళు కేంద్రాన్ని నీ భార్య రూపశ్రీ పేరుకు మార్చారు.

ఒకటి మరచిపోయావురా. “డిస్కు చెడిపోయినా ఈడ ఇంకోటి ఉంటాదక్కా, ఏదీ యాడికీ పోదు” అని కెమెరాలోనే చిన్న మెమరీ కార్డు పెట్టింది నువ్వే. దాన్ని నా ఫోన్లో వేసి చూశాను. క్యాన్లలో నీళ్ళు పోసింది నువ్వు. అది చూసి కూడా ఏడవలేదు. కార్డు రేపు డెయిరీకి ఇచ్చేస్తాను, నువ్వు వచ్చి బతిమాలినా ఆగను.

నేను తట్టుకోలేనిది కార్డులో ఆ తర్వాత కనబడింది. తలనొప్పిగా ఉంది, కాఫీ పెట్టమని నన్ను లోపలికి పంపి, నువ్వు పెట్టె మరలు విప్పుతున్నావు. డిస్కు నీ సంచిలో పడింది. అప్పుడు వెనక నుంచి నేను వస్తున్నాను. నీ నోరు కాలుతుందని, కాఫీ చల్లారబోస్తూ వస్తున్నాను.

అక్క