తుంగ గోనె

పాప వాళ్ళమ్మకి,

రెండు రోజులుగా ముసురు. గదిలోకి నీళ్ళు రాలేదు, పనీ ఆగలేదు. మన వీధి చివరి ఖాళీ జాగాని పల్లంగా తవ్వి, లోపల చెట్లూ గడ్డీ పెంచుతున్నారు. వాన గుంట అంటున్నారు. పెద్ద వాన పడితే వీధి నీళ్ళు ఇళ్ళలోకి పోకుండా అందులోకి దిగి ఇంకుతాయట. నాకు అక్కడే తోటపని దొరికింది. పోయినసారి పాప మంచం కింద నీళ్ళు చూసి పుట్టింటికి వెళ్ళావు. ఒక్క పెద్ద వానకి గది పొడిగా ఉంటే వస్తానన్నావు. ఆ మాట మీదే తవ్వుతున్నాను.

నీ ఇంటాయన

పాప నాన్నకి,

ఇక్కడ ఎండ. మినప చేలో కలుపు తీస్తున్నాం. పాప గోడ పట్టుకుని నిలబడుతోంది. వదిలితే చతికిలబడి తనే నవ్వుకుంటోంది. మీ పాత బనియన్‌ ఒకటి నా బట్టల్లో వచ్చేసింది. దాన్ని చుడితే గానీ పడుకోదు. గుంట సంగతి వాన చూశాకే నమ్ముతాను. వేళకి తినండి.

మీ ఇంటిమనిషి

పాప వాళ్ళమ్మకి,

నవ్వకు. సోమవారం అందరికంటే ముందు పనిలోకి వెళ్ళాను. గుంట వాలు నిండా తుంగ మొలిచి ఉంది. చేలో కలుపు తీసిన చేతులు ఊరుకోలేదు. ఒక వైపంతా వేళ్ళతో సహా పీకి కుప్ప వేశాను. మా మేస్త్రి వచ్చి తల పట్టుకుంది.

"ఏం చేశావయ్యా! మట్టి జారకుండా మేమే నాటాం కదా!"

"తుంగని నాటడమేంటక్కా?" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. అప్పటినుంచి నన్ను కలుపు బావ అంటున్నారు. మళ్ళీ నాటడానికి పిలకలు ఇంకా రాలేదు.

నీ కలుపు బావ

పాప వాళ్ళమ్మకి,

నిన్న పెద్ద వాన. గుంట నిండింది. పక్క వీధుల్లో ఒక్క గడప తడవలేదు. నేను పీకిన వైపు మాత్రం మట్టి జారి, మన వీధి నీళ్ళు దిగే దారి పూడిపోయింది. నీళ్ళు వెనక్కి తన్ని మన గదిలోకి జానెడు వచ్చాయి. పొడిగానే ఉందని రాద్దామని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. ఇప్పుడే రావద్దు. పాపకి జలుబు చేస్తుంది.

నీ ఇంటాయన

పాప నాన్నకి,

రమ్మని రాసి ఉంటే ఇంకా ఆలోచించేదాన్ని.

పక్క వీధులు తడవలేదంటే గుంట మంచిదే. తక్కువైంది తుంగ. మా చేలో దానికి కరువా? అమ్మా నేనూ తవ్వి, తడి గోనెలో కట్టి నీడన పెట్టాం. "కలుపుని బస్సెక్కించేది నువ్వొక్కదానివేనే" అంటూనే అమ్మ నాకంటే ఎక్కువ తవ్వింది. నాటడం నేను చూసుకుంటాను, మీరు దాని జోలికి రాకండి. మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఉంచండి.

మంగళవారం మొదటి బస్సుకి నేనూ పాపా బయలుదేరుతున్నాం.

మీ ఇంటిమనిషి