సువార్త రాసిన మందుల పుస్తకం

బాంబూఫ్లాట్, బుధవారం

అక్కయ్యా, ప్రభువు కృపవల్ల బాగున్నాను. డయాలసిస్ ఇప్పట్లో అక్కర్లేదట.

గుండె, షుగరు, మోకాళ్ల డాక్టర్లు ఇచ్చే మందులన్నీ మా సువార్త ఒకే నోటుబుక్కులో రాసేది. ఆమె పోయాక నేను రాస్తున్నాను. మూడు నెలల క్రితం కొత్త కిడ్నీ డాక్టరమ్మ అది చూసి, కిడ్నీలకు చేటని మోకాళ్ల నొప్పి మాత్ర కొట్టేసింది. నిన్నటి రిపోర్టులో క్రియాటినిన్ తగ్గింది.

"బహుత్ అచ్ఛా అంకుల్. ఈ బుక్కు ఎవరి ఐడియా?"

"మా ఆవిడది."

"ఆంటీకి నా శుక్రియా చెప్పండి."

సరేనన్నాను.

క్రిస్మస్‌కు ఈ దీవి నుంచి మీ దగ్గరికి విశాఖ ఓడ ఎక్కవచ్చంది. నా కూరలో ఉప్పు తగ్గించు. ఆవకాయ జాడీ నా కంట పడనీయకు. బావగారి దగ్గు తగ్గిందా? పిల్లలకు దీవెనలు.

ఆదివారం ఆరాధన కాగానే సమాధి దగ్గరికి వెళ్లి, డాక్టరమ్మ మాట సువార్తకు చెప్తాను.

నీ తమ్ముడు
దేవప్రసాద్