కుట్లు లేనివాడికి కుర్చీ లేదు

పెద్దాసుపత్రి గుండె వార్డులో, కిటికీ పక్క మంచం మీద కూర్చుని, స్థిరచిత్తంతో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో నేను రాసుకున్న వీలునామా ఇది. బుర్ర సరిగ్గానే ఉందని డాక్టరుగారు ధ్రువపత్రం ఇచ్చారు. గుండె సంగతి రేపు తేలుతుంది. దాన్ని కోయడం ఇది రెండోసారి. ఇంతకుముందు రాసినవన్నీ దీనితో రద్దు.

1. నా ఇల్లూ, బ్యాంకులో ఉన్న డబ్బూ సర్వహక్కులతో నా భార్యకు చెందాలి. నా మొదటి ఆపరేషను నాడు ఆమె థియేటరు బయట మెట్ల మీద ఒంటరిగా కూర్చుంది. పలకరించే దిక్కు లేదు. కుట్ల సంఘం పెట్టింది అందుకే. నా విశాల హృదయం వల్ల పెట్టానని సభల్లో వాగినవాళ్ళంతా అబద్ధాలకోర్లు.

2. సంఘమంటే ఇంతే: ఈ వార్డులో గుండె కోయించుకుని బతికి బయటపడ్డవాళ్ళం, జీతం బత్తెం లేకుండా, ఆపరేషనుకు ముందురోజు రోగి పక్కన, ఆపరేషను నాడు బయట ఇంటివాళ్ళ పక్కన కూర్చుంటాం. మా కుట్లు చూపిస్తాం. దగ్గినప్పుడు రొమ్ముకు అదుముకోవడానికి ఒక దిండు కుట్టి ఇస్తాం.

3. నా బావమరిది గుండెలు తీసిన బంటు. ఒంటి మీద గాటు లేదు, రోగి పక్కన కూర్చునే ఓపిక లేదు, అధ్యక్షుడి కుర్చీ మాత్రం కావాలి. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, నిరుడు దిండ్లన్నిటి మీదా తన ఫొటో అచ్చు వేయించాడు. పాపం రోగులు దగ్గొచ్చినప్పుడల్లా వీడి మొహాన్ని కావలించుకోవలసి వచ్చింది. "ఈయన్ని చూస్తే దగ్గు ఇంకా ఎక్కువవుతోంది నాయనా" అని ఒక ముసలమ్మ దిండు తిరగేసుకుంది. మిగిలిన ఆ దిండ్లన్నీ వాడికే రాస్తున్నాను. సంఘం గడప మాత్రం తొక్కకూడదు.

4. మా అమ్మాయికి నా కుట్టుమిషను. దిండు కుట్టడం నాకు నేర్పింది తనే. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా తనదే. మేనమామ అరుపులకు అదిరే పిల్ల కాదు.

5. సంతాపసభ పెట్టకూడదు. మైకు దొరికితే వదిలే రకాలు కారు మీరు.

6. ఇక ఆ కుర్చీ. రోగితో "ఏం కాదు" అనకూడదన్నది సంఘానికి నేను పెట్టిన ఏకైక నియమం. ఏమవుతుందో మనకేం తెలుసు? చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఇవాళ పొద్దుటి నుంచీ సభ్యులు వరసగా వచ్చి, "మీకేం కాదు సార్, మీది ఉక్కు గుండె" అని, పళ్ళు బల్ల మీద పెట్టి, నిలబడ్డ కాళ్ళ మీదే వెళ్ళిపోయారు. దద్దమ్మలు.

సాయంత్రం లెక్కల టీచరు వచ్చింది. ఆవిడా మా సంఘంలో కుట్లు పడ్డ మనిషే. పదేళ్ళుగా నాకూ ఆవిడకూ ఉప్పూ నిప్పూ. నన్ను మొండిఘటం అని నలుగురిలో మొహానే అంటుంది. స్టూలు లాక్కుని కూర్చుని, "భయంగా ఉందా?" అంది. ఉందన్నాను. చాలా ఉందన్నాను. "ఉండదా మరి" అని, చీకటిపడేదాకా పక్కనే కూర్చుంది. సంఘం, దాని గది తాళంచెవి, అధ్యక్షపదవి ఆవిడవి. వద్దంటుంది. ఒప్పించండి.

తేదీ: 2018 ఆగస్టు 9, గురువారం.

(సంతకం)
కుట్ల సంఘం వ్యవస్థాపకుడు

సాక్షులు:
1. వార్డు నర్సు.
2. పక్క మంచం తాపీమేస్త్రీ. ఈయన సంతకం సరిగా లేదని ఏ ప్లీడరూ పేచీ పెట్టకూడదు. రేపు ఈయనకీ ఆపరేషనే, చెయ్యి వణుకుతోంది. వెంట ఎవరూ రాలేదు. ఈ కాగితం నర్సమ్మ చేతికిచ్చి, నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చుంటున్నాను.